చిన్న ఆన్‌లైన్ కొనుగోళ్లకు క్రిప్టో: ఏ దారిలో కడితే ఎంత పోతుంది?

ఐదు డాలర్లో పది డాలర్లో పెట్టి ఆన్‌లైన్‌లో ఏదో కొనాలి. వీపీఎన్ నెల చందా కావచ్చు, డొమైన్ పేరు కావచ్చు, డిజైన్ పనికి కావలసిన ఫాంట్ కావచ్చు, ఏ దేశంలోనో ఒక్కరే కూర్చుని రాసిన చిన్న సాఫ్ట్‌వేర్ కావచ్చు. డబ్బు కట్టే పేజీలో కార్డు, పేపాల్ పక్కన బిట్‌కాయిన్ గుర్తు కూడా ఉంటుంది. ఒక్కోసారి సైట్ కార్డును తిరస్కరిస్తుంది, ఆ గుర్తు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఏ కాయిన్‌తో కట్టాలి, అసలు కట్టాలా వద్దా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. గుంటూరులో ఉండి వెబ్‌సైట్లు చేసే పని నాది. ఇలాంటి చిన్న బిల్లులు నెలకు నాలుగైదు కడుతుంటాను. దాదాపు అన్ని దారులూ వాడి చూశాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. యూపీఐ తీసుకునే చోట యూపీఐతోనే కట్టండి. అది లేకపోతే కార్డు. ఆ రెండూ కుదరనప్పుడో, క్రిప్టోతో కడితే అమ్మేవాళ్లు గట్టి తగ్గింపు ఇస్తున్నప్పుడో మాత్రమే క్రిప్టో వైపు వెళ్లండి. చిన్న కొనుగోలులో కాయిన్ ధర నిన్నటి కంటే పెరిగిందా తగ్గిందా అన్నది పెద్ద లెక్కలోకి రాదు. మీ బ్యాంకులో ఉన్న రూపాయి ఆ దుకాణానికి చేరేలోపు ఎన్ని చోట్ల ఆగుతుంది, ఆగిన ప్రతి చోటా ఎంత రాలిపోతుంది అన్నదే చూడాలి. పెద్ద మొత్తంలో అది కనిపించదు. పది డాలర్లలో మాత్రం అసలు కంటే కొసరే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

ముందు కార్డు లెక్క తెలియాలి

దేనితో పోల్చాలో తెలియకపోతే క్రిప్టో చవకో ఖరీదో చెప్పలేం. విదేశీ సైట్‌లో మన క్రెడిట్ కార్డుతో కడితే చాలా బ్యాంకులు 3.5 శాతం వరకు విదేశీ మారకం రుసుము వేస్తాయి. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. కొన్ని కార్డులకు ఈ రుసుము 2 శాతమే, కొన్నిటికి అసలు ఉండదు. లెక్క తేలిగ్గా ఉండటానికి డాలరు 90 రూపాయలు అనుకుందాం. పది డాలర్ల వస్తువు ధర 900 రూపాయలు, మారకం రుసుము 31 రూపాయల 50 పైసలు, దాని మీద జీఎస్టీ సుమారు 5 రూపాయల 70 పైసలు. మొత్తం 937 రూపాయలు.

అదే పది డాలర్లు యూఎస్‌డీటీ అనే డాలర్ కాయిన్‌తో (ఒకటి దాదాపు ఒక డాలరు విలువ) కడదాం. మన దేశంలోని ఎక్స్‌ఛేంజీలలో, అంటే క్రిప్టో కొని అమ్ముకునే యాప్‌లలో, యూఎస్‌డీటీ ధర తరచుగా బ్యాంకు డాలరు రేటు కంటే కొన్ని రూపాయలు ఎక్కువే ఉంటుంది. చాలామంది ఇది గమనించరు. 94 రూపాయలు అనుకోండి. ఎక్స్‌ఛేంజ్ నుంచి బయటికి పంపడానికి ఒక యూఎస్‌డీటీ రుసుము అనుకుంటే మీరు పదకొండు కొనాలి. అంటే 1,034 రూపాయలు. కొన్నందుకు అర శాతం రుసుము, దాని మీద జీఎస్టీ కలిపితే 1,040 దగ్గర తేలుతుంది. కార్డు కంటే వంద రూపాయలు పైనే ఎక్కువ. వస్తువు ఐదు డాలర్లదే అయినా పంపే రుసుము తగ్గదు కాబట్టి తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఒక్కసారే వంద డాలర్ల కాయిన్లు కొని సొంత వాలెట్‌లో (కాయిన్లు దాచుకునే మన సొంత యాప్‌లో) పెట్టుకుని, పది కొనుగోళ్లకు వాడుకుంటే? అప్పుడు పంపే రుసుము ఒక్కసారే పడుతుంది. పది డాలర్లకు సుమారు 955 రూపాయలు అవుతుంది. అప్పటికీ కార్డే చవక.

ఈ అంకెలు మీ బ్యాంకును బట్టి, ఆ రోజు రేటును బట్టి మారతాయి. పద్ధతి మాత్రం ఇదే. ఒక కాగితం మీద మీ సొంత అంకెలతో ఒకసారి వేసి చూడండి.

కార్డు పనిచేయలేదు కాబట్టే క్రిప్టో వైపు చూస్తున్నామనే వాళ్లకు ఒక మాట. ముందు మీ బ్యాంకు యాప్ తెరిచి, కార్డు సెట్టింగులలో ఆన్‌లైన్ అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ అయి ఉన్నాయో లేదో చూడండి. 2020 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలలో, స్వైప్ మిషన్లలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. ఆన్‌లైన్, అంతర్జాతీయ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది సమస్య ఆ ఒక్క బటన్‌తో తీరిపోయింది. నెలనెలా దానంతట అదే కట్ అయ్యే చందాలకు 2021 అక్టోబరు నుంచి వేరే నియమాలు వచ్చాయి. వాటికి సిద్ధపడని విదేశీ సైట్లలో చందా ఆగిపోతుంది. అలాంటప్పుడు ఏడాదికి ఒకేసారి కట్టే వీలుందేమో చూడండి. ఆటోమేటిక్ కోత అక్కర్లేదు కాబట్టి చాలాసార్లు అది పనిచేస్తుంది.

కార్డుకు ఉన్న పెద్ద బలం మరొకటి ఉంది. వస్తువు రాకపోతే బ్యాంకులో ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగొచ్చు. మీ ప్రమేయం లేకుండా ఎవరో కార్డు వాడితే, మీ తప్పు లేనప్పుడు, మూడు పనిదినాల లోపు బ్యాంకుకు చెబితే నష్టం మీ మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. క్రిప్టోలో ఇలాంటిది ఏదీ లేదు. పంపితే పంపినట్టే.

నేరుగా బిట్‌కాయిన్: చిన్న బిల్లుకు సరిపడదు

బిట్‌కాయిన్‌తో కొన్న మొదటి వస్తువుగా అందరూ చెప్పుకునేది పిజ్జా. 2010 మే 22న లాస్లో హన్యేజ్ అనే ప్రోగ్రామర్ రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. అప్పట్లో చిన్న కొనుగోలుకు అది బాగానే సరిపోయింది. ఆ తర్వాత వాడేవాళ్లు పెరిగారు, లావాదేవీలు రాసే బ్లాకుల్లో చోటు మాత్రం పరిమితంగానే ఉండిపోయింది.

బిట్‌కాయిన్ రుసుము మీరు పంపే విలువను బట్టి ఉండదు, ఆ లావాదేవీ బ్లాకులో ఎంత చోటు ఆక్రమిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. బస్సులో పార్సిల్ వేస్తే లోపల బంగారం ఉందా బియ్యం ఉందా అని చూడకుండా బరువును బట్టి తీసుకున్నట్టు. మామూలు లావాదేవీ 140 బైట్ల చోటు తీసుకుంటుందనుకుందాం. రద్దీ లేని రోజు బైటుకు 5 సతోషీల (సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్ల వంతు) చొప్పున 700 సతోషీలు. బిట్‌కాయిన్ ధర 80 లక్షలు అనుకుంటే ఒక సతోషీ 8 పైసలు, అంటే 56 రూపాయలు. రద్దీ ఉన్న రోజు బైటుకు వంద సతోషీలైతే 1,120 రూపాయలు. ఐదు వందల వస్తువుకు! 2024 ఏప్రిల్ 20న, కొత్త బిట్‌కాయిన్ల జారీ సగానికి తగ్గే హాల్వింగ్ జరిగిన రోజు, సగటు రుసుము వంద డాలర్లు దాటింది.

ఆటలు అమ్మే స్టీమ్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2016లో బిట్‌కాయిన్ తీసుకోవడం మొదలుపెట్టింది. 2017 డిసెంబరులో ఆపేసింది. రుసుము దాదాపు 20 డాలర్లకు చేరిందని, కట్టే సమయంలోనే ధర మారిపోతోందని కారణం చెప్పింది. ఇప్పుడు మన దేశంలో అదే స్టీమ్‌లో రూపాయల్లో, యూపీఐతో ఆట కొనుక్కోవచ్చు.

చిల్లర సమస్య కూడా ఉంది. మీ వాలెట్‌లోకి పదిసార్లు చిన్నచిన్న మొత్తాలు వచ్చి ఉంటే, వాటన్నిటినీ కలిపి కట్టేటప్పుడు లావాదేవీ పెద్దదవుతుంది, రుసుమూ పెరుగుతుంది. వాలెట్‌లో మొత్తం ఒకటే అంకెగా కనిపించినా లోపల ముక్కలు ముక్కలుగానే ఉంటుంది.

అయినా నేరుగా బిట్‌కాయిన్‌తో కట్టడం లాభమయ్యే సందర్భం ఒకటి నేను చూశాను. స్వీడన్‌కు చెందిన ముల్వాడ్ అనే వీపీఎన్ సంస్థ నెలకు 5 యూరోలు తీసుకుంటుంది. నెలకు కట్టినా ఏడాదికి కట్టినా అదే ధర. క్రిప్టోతో కడితే 10 శాతం తగ్గింపు ఇస్తుంది. యూరో వంద రూపాయలు అనుకుని లెక్క వేశాను. ఒక నెలకు కార్డుతో 521 రూపాయలు. బిట్‌కాయిన్‌తో కడితే తగ్గింపు పోను 450. దానికి ఎక్స్‌ఛేంజ్‌లో 4 శాతం ఎక్కువ ధర, కొన్న రుసుము, బయటికి పంపడానికి 300, నా వాలెట్ నుంచి సంస్థకు పంపడానికి 56. మొత్తం 827. ఏడాదికి ఒకేసారి కడితే కార్డుతో 6,248, బిట్‌కాయిన్‌తో 6,005. దుకాణం అదే, కాయిన్ అదే, ఎంత మొత్తం కడుతున్నామన్నది మారేసరికి లెక్క తిరగబడింది. కాబట్టి బిట్‌కాయిన్‌తో కట్టాలని నిశ్చయించుకుంటే నెలల చందాలు వద్దు, ఏడాదిది కట్టండి. డొమైన్లు అమ్మే నేమ్‌చీప్ 2013 నుంచి బిట్‌కాయిన్ తీసుకుంటోంది. అక్కడా ఒక్కో డొమైన్‌కు విడివిడిగా కట్టకుండా ఒకేసారి కట్టుకోవడం మేలు.

లైట్నింగ్: చిన్న బిల్లుకు దీన్నే కనిపెట్టారు

బిట్‌కాయిన్ మీదే నడిచే లైట్నింగ్ నెట్‌వర్క్ 2018 నుంచి వాడకంలో ఉంది. ఆలోచన చాలా సులువైనది. మన ఊళ్లో కిరాణా కొట్టుతో ఖాతా పెట్టుకున్నట్టు, ఇద్దరు ఒక ఛానల్ తెరుస్తారు. రోజూ ఇచ్చిపుచ్చుకునేవి తమ మధ్యే రాసుకుంటారు. తెరిచినప్పుడు, మూసినప్పుడు మాత్రమే అసలు బిట్‌కాయిన్ బ్లాకుల్లోకి వెళ్తారు. మీకు దుకాణంతో నేరుగా ఛానల్ లేకపోయినా, మధ్యలో ఉన్నవాళ్ల ఛానళ్ల గుండా డబ్బు వెళ్తుంది. వాళ్లు దాన్ని కాజేయకుండా గణితంతో వేసిన తాళం ఉంటుంది. రెండు మూడు క్షణాల్లో పని అయిపోతుంది.

రుసుము మామూలుగా ఒక శాతం లోపే. ఉదాహరణకు ఫీనిక్స్ అనే వాలెట్ పంపేటప్పుడు 0.4 శాతం, దాని పైన 4 సతోషీలు తీసుకుంటుంది. 450 రూపాయల బిల్లుకు రెండు రూపాయల చిల్లర. మారకం రుసుము లేని కార్డులు తప్ప ఇంత తక్కువలో ఏ కార్డూ పని చేయదు.

మరి అందరూ ఇదే వాడొచ్చు కదా? ఇబ్బంది డబ్బు అందులోకి చేర్చడంలో ఉంది. మన దేశంలోని అన్ని ఎక్స్‌ఛేంజీలకూ లైట్నింగ్ ద్వారా పంపే సౌకర్యం ఉండదు. అది లేకపోతే ముందు మామూలు బిట్‌కాయిన్‌గా బయటికి పంపాలి, అక్కడ పెద్ద రుసుము పడుతుంది. ఆ తర్వాత ఛానల్ తెరవడానికి ఇంకొంత. కాబట్టి ఒక్క కొనుగోలు కోసం లైట్నింగ్ మొదలుపెట్టడం దండగ. ఏడాదిలో ఇరవై ముప్పై చిన్న కొనుగోళ్లు చేసేవాళ్లు, లేదా విదేశంలో ఉన్న స్నేహితుడి నుంచి లైట్నింగ్‌లోనే డబ్బు అందుకునేవాళ్లు మొదలుపెడితే బాగుంటుంది.

వాలెట్ ఎంపికలో ఒక తేడా తెలుసుకోండి. వాలెట్ ఆఫ్ సతోషీ లాంటి వాటిలో తాళం కంపెనీ దగ్గర ఉండేలా పెట్టుకుంటే వాడటం చాలా తేలిక, ఛానళ్ల గొడవ మనకు తెలియదు. కంపెనీ తలుపు మూస్తే మాత్రం మన డబ్బు లోపలే ఉంటుంది. ఫీనిక్స్ లాంటి వాటిలో వాలెట్‌ను తెరిచే పన్నెండు మాటల రహస్యం మన దగ్గరే ఉంటుంది, పోగొట్టుకుంటే మనదే బాధ్యత. ఐదు వందల రూపాయల లోపు చిల్లర పెట్టుకోవడానికి మొదటి రకం పర్వాలేదని నా ఉద్దేశం. అంతకు మించితే రెండోదే.

లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్

వీటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అదే వీటి మంచితనం. లైట్‌కాయిన్ 2011 నుంచి ఉంది, రెండున్నర నిమిషాలకు ఒక బ్లాకు వస్తుంది. డోజ్‌కాయిన్‌కు ఒక్క నిమిషమే. రుసుము నామమాత్రం. చాలా ఎక్స్‌ఛేంజీలు వీటిని బయటికి పంపడానికి బిట్‌కాయిన్ కంటే బాగా తక్కువ తీసుకుంటాయి. దుకాణం లైట్‌కాయిన్ తీసుకుంటే, మీరు క్రిప్టోకు కొత్తయితే, ఒకే ఒక్క చిన్న బిల్లు కట్టాలంటే నేను దీన్నే చెబుతాను. రుసుము కోసం గ్యాస్ అనే వేరే కాయిన్ అక్కర్లేదు, ఛానల్ అక్కర్లేదు, తప్పు నెట్‌వర్క్ ఎంచుకునే భయం తక్కువ. ధర ఊగుతుంది కాబట్టి నెలల తరబడి దాచుకోకండి, కట్టే రోజే కొనండి.

డాలర్ కాయిన్లు: చవక కావచ్చు, పొరపాటు కూడా ఇక్కడే

యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ విలువ డాలరుకు కట్టుబడి ఉంటుంది. నిన్న కొన్నది ఈరోజు సగమైపోతుందనే టెన్షన్ ఉండదు. పూర్తి భరోసా అని మాత్రం అనుకోవద్దు. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు యూఎస్‌డీసీ నిల్వల్లో కొంత అక్కడ ఇరుక్కుని, దాని ధర 90 సెంట్ల కిందికి జారి, తర్వాత కోలుకుంది. 2022 మేలో పడిపోయిన టెర్రా యూఎస్‌డీ అనే ఇంకో డాలర్ కాయిన్ అసలు కోలుకోలేదు. పది ఇరవై డాలర్లు కొన్నాళ్లు ఉంచుకోవడానికి మొదటి రెండూ చాలు.

అసలు చిక్కు నెట్‌వర్క్ దగ్గర, అంటే కాయిన్ ప్రయాణించే దారి దగ్గర. ఒకే యూఎస్‌డీటీ ఎథీరియమ్ మీద ఉంటుంది, ట్రాన్ మీద ఉంటుంది, పాలిగాన్, సొలానా, ఇంకా చాలా వాటి మీద ఉంటుంది. పేరు ఒకటే, దారులు వేరు. దుకాణం ట్రాన్ అని అడిగితే ట్రాన్ మీదే పంపాలి. ఎథీరియమ్, పాలిగాన్ చిరునామాలు (డబ్బు అందుకునే ఖాతా సంఖ్యల్లాంటివి) చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి తప్పు దారిలో పంపినా యాప్ ఆపదు. డబ్బు వెళ్లిపోతుంది, బిల్లు కట్టినట్టు నమోదు కాదు.

ఎథీరియమ్ ముఖ్య నెట్‌వర్క్‌ను చిన్న బిల్లులకు వదిలేయండి, రుసుము ఏ రోజు ఎంతుంటుందో చెప్పలేం. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ట్రాన్, దాన్నే టీఆర్‌సీ-20 అని రాస్తారు. చవకని పేరు పడింది కానీ చిన్న మొత్తానికి అంత చవక కాదు. పంపాలంటే వాలెట్‌లో టీఆర్ఎక్స్ అనే కాయిన్ కూడా ఉండాలి. అందుకునే చిరునామాలో అంతకు ముందు యూఎస్‌డీటీ లేకపోతే ఖర్చు రెట్టింపవుతుంది. బిల్లుకో కొత్త చిరునామా ఇచ్చే దుకాణాల్లో సరిగ్గా అదే జరుగుతుంది. భారతీయులు మొదలుపెట్టిన పాలిగాన్, అలాగే సొలానా, బేస్ లాంటి వాటిలో పంపే ఖర్చు మామూలుగా పైసల్లోనో ఒకటి రెండు రూపాయల్లోనో ఉంటుంది. దుకాణం వీటిలో ఏదైనా ఒప్పుకుంటే అదే ఎంచుకోండి. ఒక్క విషయం, యూఎస్‌డీటీ ఉంటే సరిపోదు, రుసుము కట్టడానికి ఆ నెట్‌వర్క్‌లో చెల్లే కాయిన్ కూడా కావాలి. పాలిగాన్‌కు కొంచెం పీఓఎల్, సొలానాకు కొంచెం ఎస్ఓఎల్, బేస్‌కు కొంచెం ఎథర్ కూడా వాలెట్‌లో ఉండాలి. బండిలో సామాను ఎక్కించి పెట్రోలు మరిచిపోతే బండి కదలదు కదా, అలాగే.

బిల్లు కట్టే పదిహేను నిమిషాలు

నాకు ఒకసారి జరిగింది చెబుతాను. ఒక ఐకాన్ల సెట్ కొనాలి, 12 డాలర్లు. దుకాణం పేజీలో చిరునామా, క్యూఆర్ కోడ్, పక్కన వెనక్కి తిరిగే గడియారం. పదిహేను నిమిషాల్లో కట్టాలి. నేను ఎక్స్‌ఛేంజ్ యాప్ తెరిచి అక్కడి నుంచే నేరుగా 12 యూఎస్‌డీటీ పంపాను. ఎక్స్‌ఛేంజ్ తన రుసుము అందులోంచే కోసుకుంది, దుకాణానికి 11 చేరింది. పైగా ఎక్స్‌ఛేంజ్ ఆ పంపకాన్ని పరిశీలనలో పెట్టడంతో అరగంట ఆలస్యమైంది. దుకాణం పేజీ గడువు ముగిసిందని, డబ్బు తక్కువ వచ్చిందని చూపించింది. వస్తువు రాలేదు. రీఫండ్ అడిగితే తిరిగి పంపే రుసుము తీసేసుకుని పంపుతామన్నారు. నాలుగు రోజుల తర్వాత చేతికొచ్చింది తొమ్మిది డాలర్ల చిల్లర. ఎవరూ మోసం చేయలేదు. నాకు పద్ధతి తెలియలేదు, అంతే.

ఆ రోజు నుంచి నేను పాటించే క్రమం ఇది. ముందు ఎక్స్‌ఛేంజ్ నుంచి నా సొంత వాలెట్‌కు పంపుకుంటాను, బిల్లు కంటే కొంచెం ఎక్కువగా. అది చేరిన తర్వాతే దుకాణంలో బిల్లు తెరుస్తాను. అప్పుడు గడియారం భయం ఉండదు, అడిగిన అంకె పైసాతో సహా చేరుతుంది. చిరునామా క్యూఆర్ కోడ్‌తోనో ఆ పేజీలోంచి కాపీ చేసో తీసుకుంటాను, పాత లావాదేవీల జాబితా నుంచి మాత్రం ఎప్పుడూ తీసుకోను. మన పాత చిరునామాలా మొదటి, చివరి అక్షరాలు ఉండే చిరునామా నుంచి సున్నా విలువ లావాదేవీ ఒకటి పంపి, మనం పొరపాటున దాన్ని కాపీ చేస్తామని కాచుకుని కూర్చునే దొంగలున్నారు. అందుకే మధ్యలోని అక్షరాలు కూడా చదివి చూసుకుంటాను.

ఇంకొకటి, ఎక్స్‌ఛేంజ్‌లో ఖాతా తెరిచే ముందే బయటి వాలెట్‌కు పంపనిస్తుందో లేదో అడగండి. కొన్ని యాప్‌లలో కొనడం, అమ్మడం మాత్రమే ఉంటుంది, కాయిన్ బయటికి రాదు. అలాంటి వాటితో ఏ దుకాణంలోనూ కట్టలేరు. కట్టాల్సిన దానికి మించి అక్కడ నిల్వ కూడా ఉంచకండి. 2024 జులైలో మన దేశపు ఎక్స్‌ఛేంజ్ వజీర్‌ఎక్స్ మీద హ్యాకర్ల దాడి జరిగి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాయిన్లు పోయినప్పుడు, వాడుకరుల డబ్బు నెలల తరబడి ఆగిపోయింది.

పన్ను: పది డాలర్లకు కూడా వర్తిస్తుంది

మన దేశంలో క్రిప్టో చట్టబద్ధమైన కరెన్సీ కాదు. అలాగని నిషేధమూ లేదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారానికి సేవలు అందించకూడదన్న రిజర్వు బ్యాంకు 2018 సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, సెస్సుతో కలిపి 31.2 శాతం. కాయిన్ అమ్మితేనే పన్ను అనుకుంటారు చాలామంది. దానితో వస్తువు కొన్నా అది చేతులు మారినట్టే. వెయ్యి రూపాయలకు కొన్న లైట్‌కాయిన్ 1,400 అయ్యాక దానితో ఏదైనా కొంటే 400 లాభం, దాని మీద దాదాపు 125 రూపాయల పన్ను. కొన్న ధర తప్ప మిగతా ఖర్చులు అందులోంచి తీసేయనివ్వరు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుబాటు చేయనివ్వరు. రిటర్నులో దీనికి విడి షెడ్యూలు ఉంది.

2022 జులై 1 నుంచి ఒక శాతం టీడీఎస్ (లావాదేవీ దగ్గరే కోసుకునే పన్ను) కూడా ఉంది. రూపాయలు పెట్టి కొనేటప్పుడు మీకు పడదు. అమ్మినప్పుడో, ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నప్పుడో పడుతుంది. అంటే బిట్‌కాయిన్ కొని, దాన్ని యూఎస్‌డీటీగా మార్చి, ఆ తర్వాత కట్టడం కంటే కట్టవలసిన కాయిన్‌నే నేరుగా కొనడం మంచిది. మెట్టు తగ్గితే రుసుమూ తగ్గుతుంది, పన్ను లెక్కా తగ్గుతుంది. కట్టే రోజే కొని ఆ రోజే వాడేస్తే లాభం దాదాపు సున్నా. విదేశీ సంస్థకు క్రిప్టోలో కట్టడం విదేశీ మారక చట్టం కిందికి ఎలా వస్తుందన్న ప్రశ్న కూడా ఉంది కాబట్టి, చిల్లర బిల్లులు దాటి వ్యాపార ఖర్చుల దాకా వెళ్తే ముందు మీ సీఏని అడగండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు లెక్క వేరు. అమెరికాలో పన్నుల శాఖ ఐఆర్ఎస్ 2014 నుంచే క్రిప్టోను ఆస్తిగా చూస్తోంది. కాఫీ కొన్నా లాభనష్టాలు రాసుకోవాల్సిందే. జర్మనీలో చదువుకుంటున్న పిల్లలకు కాస్త వెసులుబాటు ఉంది, ఏడాది దాటి ఉంచుకున్న కాయిన్ మీద లాభానికి పన్ను లేదు.

ఎవరి దగ్గర కొంటున్నారు?

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను. టెలిగ్రామ్‌లో ఎవరో తక్కువ ధరకు యూఎస్‌డీటీ ఇస్తానంటే, మనిషికీ మనిషికీ మధ్య బేరమంటే దగ్గరికి పోకండి. మీరు కొనేటప్పుడు డబ్బు పంపించుకుని కనిపించకుండా పోవచ్చు. మిగిలిన కాయిన్లు అలాగే అమ్మారంటే ఇంకా ప్రమాదం. అవతలి మనిషి మీ ఖాతాలో వేసింది ఏదో సైబర్ మోసంలో దోచిన సొమ్మైతే, పోలీసులు ఆ డబ్బు జాడ పట్టుకుని వచ్చి మీ బ్యాంకు ఖాతాను ఆపేస్తారు. ఐదు వందల బిల్లు కోసం మొదలైన పని, జీతం పడే ఖాతా ఆగిపోయేదాకా వెళ్తుంది. 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్‌ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి, కేంద్ర ప్రభుత్వపు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి. అలా నమోదైన చోట మీ సొంత ఖాతా నుంచి, మీ పేరు మీదే కొనండి. మోసం జరిగిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు దూరమవుతుంది.

మీ పరిస్థితికి ఏది?

క్రెడిట్ కార్డు ఉండి, ఆ సైట్ దాన్ని తీసుకుంటే ఇంకేమీ ఆలోచించకండి. మీరు విద్యార్థి, క్రెడిట్ కార్డు లేదు, రూపే డెబిట్ కార్డును విదేశీ సైట్ ఒప్పుకోవడం లేదు అంటే, వీసా లేదా మాస్టర్‌కార్డు డెబిట్ కార్డు ఇమ్మని బ్యాంకును అడగండి. క్రిప్టో నేర్చుకునే సమయంలో సగం చాలు దానికి.

అమ్మేవాళ్లు క్రిప్టో మాత్రమే తీసుకుంటామంటే ముందు అనుమానించండి. తెలిసిన, ఏళ్లుగా ఉన్న సంస్థ అయితే సరే. సగం ధరకే సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, ఓటీటీ ఖాతాలు అమ్ముతూ క్రిప్టో ఒక్కటే అడిగే చోటును వదిలేయండి. వెనక్కి తీసుకోలేని డబ్బునే వాళ్లు ఎందుకు అడుగుతున్నారో ఆలోచించండి. సంస్థ నమ్మకమైనదై, ఒక్కసారి కట్టాల్సిన పని అయితే లైట్‌కాయిన్. తరచుగా కట్టాల్సి వస్తే, ఒకసారి యాభై వంద డాలర్లు పాలిగాన్ లేదా సొలానా మీది యూఎస్‌డీసీగా వాలెట్‌లో పెట్టుకోండి. దుకాణం లైట్నింగ్ తీసుకుంటే అది ఇంకా హాయి. దుకాణం నేరుగా క్రిప్టో తీసుకోకపోయినా బిట్‌రిఫిల్ లాంటి చోట క్రిప్టోతో గిఫ్ట్ కార్డు కొని వాడొచ్చు. అయితే కార్డు ఏ దేశానిదో చూసి కొనండి. అమెరికా స్టోరు కార్డు మన దేశపు ఖాతాలో పనిచేయదు, గిఫ్ట్ కార్డుకు రీఫండూ ఉండదు.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ కొనుగోలు కనిపించకూడదని క్రిప్టో వాడేవాళ్లూ ఉన్నారు. వైద్యం, న్యాయ సలహా లాంటి వాటికి అది న్యాయమైన కోరికే. కానీ బిట్‌కాయిన్ లావాదేవీలు ఎవరైనా చూడగలిగేలా శాశ్వతంగా ఉంటాయి. గుర్తింపు పత్రాలిచ్చి ఎక్స్‌ఛేంజ్‌లో కొన్న కాయిన్ ఎక్కడికి వెళ్లిందో వెతికి పట్టుకోవచ్చు. మొనేరో అనే కాయిన్ లావాదేవీలు బయటికి కనిపించకుండా ఉండటం కోసమే తయారైంది గానీ చాలా ఎక్స్‌ఛేంజీలు దాన్ని తొలగించాయి, కొనడమే కష్టం.

కట్టిన ప్రతిసారీ తేదీ, కాయిన్ పేరు, ఎంత పంపారు, ఆ రోజు దాని విలువ రూపాయల్లో ఎంత, కొన్నప్పుడు ఎంత పడింది, లావాదేవీ సంఖ్య, ఈ ఆరూ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. దుకాణం పంపిన ఈమెయిల్‌ను కూడా ఆ వరుసకే జత చేసుకోండి. రీఫండ్ అడిగినప్పుడు దుకాణం ముందుగా అడిగేది లావాదేవీ సంఖ్యనే, జులైలో రిటర్ను వేసేటప్పుడు మీ సీఏ అడిగేది మిగతా ఐదు.